తల కోసం మింగే మాత్ర: ఇంట్లో అందరికీ తెలియాలి

దిండికి చెందిన ఒక తల్లి ఇటీవల మా మదరసాకు వచ్చి ఒక సందేహం అడిగారు. ఆమె పెద్ద కుమారుడు అక్కడే పర్యాటకుల పడవ మీద పని చేస్తాడు. చిన్నవాడు కువైట్‌లో డ్రైవరు. సెలవు మీద వచ్చాడు. వయసు 26. రెండు నెలల్లో నికాహ్. నుదుటికి ఇరువైపులా జుట్టు వెనక్కి జరిగింది, నడినెత్తిన పలచబడింది. ఎవరికీ చెప్పకుండా ఒక మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి రోజుకొక ముక్క మింగుతున్నాడట. “మౌల్వీ సాబ్, ఇది అల్లాహ్ సృష్టిని మార్చడం కిందికి వస్తుందా? మా వాడు పాపం చేస్తున్నాడా?” అన్నది ఆమె ప్రశ్న. మాటల మధ్యలో, ప్రశ్నగా కాకుండా, ఇంకొక సంగతి కూడా చెప్పారు. ఆ ముక్కలు చేసేది వంటింటి గట్టు మీదనే. రాలిన పొడిని తుడిచేది పెద్ద కోడలు. ఆ అమ్మాయికి ఇప్పుడు మూడో నెల.

ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానం చిన్నది. ఆమె అడగని ప్రశ్న చాలా పెద్దది. ఈ నెల శీర్షికలో ఎక్కువ భాగం ఆ రెండవదానికే కేటాయిస్తున్నాము. మేము వైద్యులము కాము. మందుల తయారీదారులే ప్రభుత్వాలకు సమర్పించి, పెట్టెలో ఉంచే పత్రాలను, ప్రచురితమైన వైద్య పరిశోధనలను చదివి, మాకు పరిచయమున్న ఒక చర్మవైద్యుని వద్ద సరిచూసుకొని వ్రాస్తున్నాము.

మొదట చిన్న సమాధానం. బనీ ఇస్రాయీల్‌కు చెందిన ముగ్గురు వ్యక్తుల వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఒకరు కుష్ఠురోగి, ఒకరు బట్టతలవారు, ఒకరు అంధులు. దైవదూత వచ్చి నీకు అన్నింటికన్నా ఇష్టమైనది ఏమిటని అడిగినప్పుడు బట్టతల మనిషి అందమైన జుట్టును కోరుకున్నాడు; దైవదూత అతని తల నిమరగా జుట్టు వచ్చింది. ఆ మనిషి తరువాత దైవాగ్రహానికి గురైన మాట నిజమే. అయితే అది జుట్టు కోరినందుకు కాదు, సంపద వచ్చాక పేదవానిని ఉత్త చేతులతో పంపినందుకు. గత శతాబ్దపు సౌదీ పండితులు షేఖ్ ముహమ్మద్ బిన్ సాలిహ్ అల్ ఉసైమీన్ ఈ హదీసునే ఆధారం చేసుకొని, తలలో ఒకచోటి వెంట్రుకలను తీసి బట్టతల మీద నాటించుకోవడాన్ని అనుమతించారు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం, లోపాన్ని తొలగించుకోవడం సృష్టిని మార్చడం కాదని వారి వివరణ. ఇతరుల జుట్టును తెచ్చి అతికించుకోవడం గురించిన నిషేధం వేరు; దానిని దీనితో కలపకూడదు. మాత్ర కూడా చికిత్సయే. చికిత్స చేయించుకోవడం ధర్మసమ్మతం. అయితే తనకు గాని, ఎదుటివారికి గాని హాని కలిగించకపోవడమనే షరతు ప్రతి చికిత్సకూ వర్తిస్తుంది. ఇక్కడినుంచి విషయం ఫిఖ్‌హ్ పుస్తకాలు దాటి మందుల పెట్టెలోకి వెళ్తుంది.

అంతకన్నా ముందు తెలుసుకోవలసింది, జుట్టు ఎందుకు పోతున్నదన్నది. కువైట్ నీళ్ళ వల్లనేనని ఆ యువకుడు తల్లికి చెప్పాడట. గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ ఇదే మాట అంటారు. అక్కడ ఇళ్ళకు వచ్చేది సముద్రపు నీటిలోని ఉప్పు తీసివేసిన నీరు. దానితో జుట్టు గరుకెక్కిందనిపించవచ్చు. కాని నుదుటి మూలలు, నడినెత్తి మాత్రమే పలచబడి, చెవుల పైన, వెనుక భాగాన జుట్టు ఒత్తుగానే ఉన్నదంటే కారణం నీరు కాదు, వంశం. వశిష్ఠ దాటి ఎన్నడూ వెళ్ళని వారికీ అదే తీరున పోతుంది. అది తండ్రి వైపు నుంచి రావచ్చు, తల్లి వైపు నుంచీ రావచ్చు. పురుషుల శరీరంలో ఉండే టెస్టోస్టెరోన్ అనే హార్మోను ఒక ఎంజైము వల్ల డి.హెచ్.టి. అనే మరొక హార్మోనుగా మారుతుంది. పుట్టుకతో ఆ గుణమున్న కుదుళ్ళు ఈ డి.హెచ్.టి. తగిలిన కొద్దీ ఏటికేడాది కుంచించుకుపోతాయి. మొదట వెంట్రుక సన్నబడుతుంది, తరువాత నూగుగా మారుతుంది, చివరకు కనబడకుండా పోతుంది. కోనసీమలో కొబ్బరినూనెకు కొదువ లేదు. నూనె వెంట్రుకను కాపాడుతుంది కాని కుదురు కుంచించుకుపోవడాన్ని ఆపలేదు. ఆపగలిగితే అంబాజీపేట చుట్టుపక్కల బట్టతల అన్నదే కనబడకూడదు.

జుట్టు రాలడమంతా ఇదే కాదు. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తరువాత, ప్రసవం తరువాత, కఠినమైన పథ్యం చేసిన తరువాత రెండు మూడు నెలలకు తలంతటా గుప్పెళ్ళకొద్దీ రాలుతుంది. అది చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. స్త్రీలలో రక్తహీనత, థైరాయిడ్ తరచుగా కారణాలు. గుండ్రంగా మచ్చల్లా ఊడిపోయే పేనుకొరుకుడు మరొక జబ్బు. శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల వస్తుంది. అది తీవ్రమైనప్పుడు వాడేందుకు బారిసిటినిబ్ అనే మాత్రకు అమెరికాలో 2022లో అనుమతి లభించింది. కాని అది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు, క్షయ వంటి అంటువ్యాధులకు దారి తీయవచ్చు. పరీక్షలు లేకుండా మింగేది కాదు. ఈ మూడింటికీ ఆ యువకుని మాత్రకూ సంబంధం లేదు. ఎవరికో పని చేసిందని ఒకరి మాత్ర ఇంకొకరు మింగకూడదనడానికి ఇది మొదటి కారణం.

ఆ మాత్ర పేరు ఫినాస్టరైడ్. దాని పుట్టుక విచిత్రమైనది. డొమినికన్ రిపబ్లిక్ అనే దేశంలో సాలినాస్ అని ఒక ఊరున్నది. అక్కడ కొన్ని కుటుంబాలలో మగపిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనబడేవారు. యుక్తవయసు వచ్చేసరికి మగవారిగా రూపొందేవారు. జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ అనే వైద్యురాలు తన బృందంతో వారిని పరీక్షించి 1974లో కారణం ప్రకటించారు. టెస్టోస్టెరోన్‌ను డి.హెచ్.టి.గా మార్చే ఎంజైము వారిలో పుట్టుకతోనే లోపించింది. తల్లి గర్భంలో మగశిశువు అవయవాలు పూర్తిగా ఏర్పడడానికి డి.హెచ్.టి. కావాలి, అది అందకపోవడం వల్లనే వారు అలా పుట్టారు. ఆ మనుషులు పెద్దవారయ్యాక ప్రోస్టేట్ గ్రంథి చిన్నగానే ఉండిపోయింది, బట్టతల రాలేదు. ఈ రెండు సంగతులను చూసి మెర్క్ అనే అమెరికా సంస్థ ఆ ఎంజైమును అడ్డగించే మందును తయారుచేసింది. వయసు మళ్ళినవారి ప్రోస్టేట్ వాపుకు 5 మి.గ్రా. మాత్రగా 1992లో, పురుషుల బట్టతలకు 1 మి.గ్రా. మాత్రగా 1997లో దానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. తరువాత మన హైదరాబాద్ సంస్థలు కూడా దానిని తయారుచేయసాగాయి. 2006లో మెర్క్‌తో ఒప్పందం మీద డాక్టర్ రెడ్డీస్ సంస్థ అమెరికాలోనే దానిని అమ్మింది. కనుక ఇది ఎవరో సంచీలో తెచ్చి అమ్మే పొడి వంటిది కాదు. సరిగ్గా పరీక్షించబడిన మందు.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. అయిదేళ్ళపాటు సాగిన పరీక్షలో ఛాయాచిత్రాలను పోల్చి చూసినప్పుడు, ఈ మాత్ర వేసుకున్నవారిలో 48 శాతం మందికి జుట్టు పెరిగినట్టు, మరో 42 శాతం మందికి ఉన్నది ఉన్నట్టే నిలిచినట్టు తేలింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో పెరిగింది 6 శాతం మందికే. 75 శాతం మందికి ఇంకా పోయింది. అయితే రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఇది పూర్తిగా నున్నబడిన చోట అడవిని మొలిపించదు. బ్రతికి ఉన్న కుదుళ్ళను నిలబెడుతుంది. ఫలితం కనబడడానికి కనీసం మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండు నెలల్లో ఉన్న నికాహ్‌కు ఇది అందివచ్చే మందు కాదు. రెండవది, మానివేస్తే సంపాదించినదంతా ఏడాదిలోగా పోతుంది. అంటే ఒకసారి మొదలుపెట్టినవారు జుట్టు కావాలనుకున్నంత కాలం మింగవలసిందే. 26 ఏళ్ళవానికి అది ఎన్ని సంవత్సరాలో మనమే లెక్క వేసుకోవచ్చు.

ఇక హాని. మొదటి పరీక్షలలో దాంపత్య వాంఛ తగ్గినవారు మాత్ర వేసుకున్నవారిలో 1.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వారిలో 1.3 శాతం. దాంపత్య సామర్థ్యం తగ్గినవారు 1.3 శాతం, 0.7 శాతం. ఈ అంకెలు చిన్నవే. మానివేస్తే చాలామందికి తగ్గిపోయింది. కాని మందు బజారులోకి వచ్చాక, మానివేసిన తరువాత కూడా ఈ ఇబ్బంది కొనసాగుతున్నదన్న ఫిర్యాదులు వచ్చాయి. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ విషయాన్ని మందు పత్రంలో చేర్పించింది. అంతకు ముందే మనోవ్యాకులత చేరింది. 2022లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాల ప్రస్తావన చేరింది. 2025లో ఐరోపా ఔషధ సంస్థ కూడా తమ వద్దకు వచ్చిన నివేదికలను పరిశీలించి, ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్ర దుష్ఫలితాలలో ఒకటిగా ధ్రువీకరించింది. అటువంటి నివేదికలలో ఎక్కువ భాగం బట్టతలకు వాడే 1 మి.గ్రా. మాత్రవే. ఎంతమందికి అలా జరుగుతుందో ఆ సంస్థ అంకె చెప్పలేదు. అయినా మందుల వల్ల కలిగే ప్రయోజనం హాని కన్నా ఎక్కువేనని, మనసు బాగోలేదనిపిస్తే వెంటనే మాత్ర ఆపి వైద్యుని చూడాలని చెప్పింది.

ఈ విషయంలో భయపెట్టడం మా ఉద్దేశం కాదు. భయానికీ ఒక పాత్ర ఉన్నది. 2007లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక పరీక్షలో, ప్రోస్టేట్ కోసం ఇదే మందు ఇచ్చినవారిని రెండు జట్లు చేశారు. దాంపత్య సామర్థ్యం తగ్గవచ్చని ముందే చెప్పిన జట్టులో 43.6 శాతం మంది ఇబ్బంది కలిగిందన్నారు. చెప్పని జట్టులో 15.3 శాతం. మందు ఒక్కటే, మోతాదు ఒక్కటే. కొత్తగా పెళ్ళయిన యువకునికి మందు వల్ల కాక కంగారు వల్ల ఇబ్బంది కలిగినా, అతను దానిని మాత్రకే అంటగట్టి కుంగిపోవచ్చు. లేదా మాత్ర వల్లనే కలిగినదానిని తన లోపమనుకొని దాచుకోవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా, ముఖ్యంగా భార్యకు, ఈ మాత్ర సంగతి తెలిసి ఉంటే రెండింటిలో ఏది జరుగుతున్నదో వైద్యుని వద్ద తేల్చుకోవచ్చు. తెలియకపోతే ఆ అమ్మాయి తనలోనే ఏదో తక్కువ ఉన్నదనుకుంటుంది. కొత్త సంసారాలలో ఇటువంటి మౌనం ఎంత దూరం తీసుకుపోతుందో మధ్యవర్తిత్వానికి కూర్చున్న పెద్దలకు తెలుసు.

సంతానం విషయం కూడా ఇందులోనే ఉన్నది. ఈ మాత్ర వల్ల వీర్యం నాణ్యత తగ్గిందని, మానివేశాక సరిపడిందని నివేదికలున్నాయి. పెళ్ళయి ఏడాదైనా సంతానం కలగని ఇంటిలో పరీక్షలన్నీ కోడలికే చేయించి, కొడుకు మింగే మాత్ర మాట వైద్యునికి చెప్పకపోవడం అన్యాయం. దీని మీద ఇంతకన్నా వ్రాయనవసరం లేదు.

ఇప్పుడు వంటింటి గట్టు దగ్గరికి వద్దాము. మేము ఆ తల్లికి మొదట చెప్పింది ఇదే. సాలినాస్ పిల్లలు ఎందుకు అలా పుట్టారో పైన వ్రాశాము. ఆ ఎంజైమును అడ్డగించడమే ఈ మాత్ర పని. గర్భవతి శరీరంలోకి ఈ మందు చేరితే, కడుపులో ఉన్నది మగశిశువైతే, అవయవాల ఎదుగుదలకు అదే లోపం కలగవచ్చు. అందుకే విరిగిన, నలిగిన ఫినాస్టరైడ్ మాత్రను గర్భవతులు, గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలు చేతితో తాకకూడదని మందు పత్రమే హెచ్చరిస్తుంది. మాత్ర పైన పూత ఉంటుంది. పూత చెదరని నిండు మాత్రను పట్టుకుంటే మందు అంటదు. బ్లేడు పెట్టగానే ఆ పూత పోతుంది. 5 మి.గ్రా. మాత్రను నాలుగు ముక్కలు చేయడం ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది చేసే పనే. ఒంటరిగా గదిలో ఉండేవాడు కువైట్‌లో అలా చేస్తే ప్రమాదం అతనికే పరిమితం. ఉమ్మడి కుటుంబం వంటింట్లో చేస్తే దాని పొడి రొట్టెల పీట మీదికి వస్తుంది. ఎప్పుడో ఒకసారి పొడి తగిలినంత మాత్రాన హాని జరిగితీరుతుందని కాదు. ఆ అమ్మాయి భయపడనవసరం లేదు; కాని కాన్పు వైద్యురాలికి ఈ సంగతి చెప్పి తీరాలి. మాత్రను ముక్కలు చేయడం ఆ ఇంట్లో ఆ రోజే ఆగాలి. 1 మి.గ్రా. నిండు మాత్ర బజారులో దొరుకుతుంది.

డ్యూటాస్టరైడ్ అనే మరొక మందు ఇదే కోవకు చెందినది, ఇంకా బలమైనది. బట్టతలకు దక్షిణ కొరియాలో, జపాన్‌లో అనుమతి ఉన్నది, అమెరికాలో లేదు. మానివేసినా అది శరీరంలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. సాధారణంగా జెలటిన్ గొట్టంలో వస్తుంది కనుక ఆ జెలటిన్ దేనితో చేసిందని అడిగేవారున్నారు. వారు వైద్యుని అడిగి ఇతర మార్గం చూసుకోవచ్చు. గర్భవతుల జాగ్రత్త దీనికి మరింత వర్తిస్తుంది.

రక్తదానం చేసే యువకులు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. మా ప్రాంతంలో మస్జిదు కమిటీల ఆధ్వర్యంలో రక్తదాన శిబిరాలు జరుగుతుంటాయి. ఉత్సాహంగా ముందుకు వచ్చేది ఈ వయసువారే. ఫినాస్టరైడ్ మానివేసిన తరువాత ఒక నెల, డ్యూటాస్టరైడ్ మానివేసిన తరువాత ఆరు నెలలు గడిచేదాకా రక్తం ఇవ్వకూడదని అమెరికన్ రెడ్ క్రాస్ నియమం. ఆ రక్తం గర్భవతికి ఎక్కించవలసి రావచ్చన్నదే కారణం. రహస్యంగా మాత్ర మింగేవాడు శిబిరంలో వివరాల పత్రం నింపేటప్పుడు కూడా రహస్యంగానే ఉంచుతాడు. అలాగే ఈ మందు ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పసిగట్టే పి.ఎస్.ఏ. రక్తపరీక్ష ఫలితాన్ని దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. 50 దాటిన అబ్బాజాన్ కూడా కొడుకు మాత్రలు అడిగి తీసుకుంటున్న ఇళ్ళు లేకపోలేదు. వారు పరీక్ష చేయించుకునేటప్పుడు ఈ మాట చెప్పకపోతే జబ్బు ఉన్నా లేనట్టు కనబడవచ్చు.

స్త్రీల విషయానికి వస్తే, ఫినాస్టరైడ్ వారికి అనుమతించిన మందు కాదు. నెలసరి ఆగిన స్త్రీలకు 1 మి.గ్రా. చొప్పున ఏడాదిపాటు ఇచ్చి చూసినా ప్రయోజనం కనబడలేదు. భర్త పెట్టెలోనిది భార్య మింగడానికి ఏ సాకూ లేదు. స్త్రీలకు చర్మవైద్యులు ఈమధ్య ఎక్కువగా వ్రాస్తున్నది మినాక్సిడిల్ మాత్ర. పురుషులకూ వ్రాస్తున్నారు.

మినాక్సిడిల్ మొదట బట్టతల మందు కాదు. మరే మందుకూ లొంగని రక్తపోటు కోసం 1979లో అమెరికాలో అనుమతి పొందిన మాత్ర. అది వాడినవారికి ముఖం, చేతులు, వీపు మీద జుట్టు పెరగడం చూసి దానిని తలకు పూసే ద్రవంగా మార్చారు. 1988లో ఆ పూతమందుకు అనుమతి వచ్చింది. మందుల షాపుల్లో మనకు దొరికే చిన్న సీసాలు అవే. పూతమందు జిడ్డుగా ఉంటుంది, తల దురద పెడుతుంది, టోపీకి అంటుకుంటుంది. వుజూ చేసినప్పుడు తల మసహ్‌కు అడ్డమా అని మమ్మల్ని అడిగినవారున్నారు. ఆరిపోయాక అది తల మీద పొరగా నిలవదు. ఇషా తరువాత పూసుకుంటే నాలుగు గంటలు తల తడపకుండా ఉంచాలన్న సూచన కూడా నెరవేరుతుంది. ఈ చికాకులు పడలేక జనం మళ్ళీ మాత్ర వైపు తిరిగారు. ఆస్ట్రేలియా వైద్యుడు రాడ్నీ సింక్లెయిర్ స్త్రీలకు 0.25 మి.గ్రా. మోతాదులో మరొక మందుతో కలిపి ఇచ్చిన ఫలితాలు 2018లో వెలువడిన తరువాత ఈ వాడకం ప్రపంచమంతటా పెరిగింది. గుర్తుంచుకోవలసింది ఏమంటే, జుట్టు కోసం మినాక్సిడిల్ మాత్రకు అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి నేటికీ లేదు. వైద్యులు తమ విచక్షణతో, తమ బాధ్యత మీద వ్రాస్తున్నారు. అది తప్పు కాదు. కాని బాధ్యత వహించే వైద్యుడు లేకుండా మింగితే ఆ బాధ్యత ఎవరిది?

తక్కువ మోతాదులో ఇది చాలామందికి సరిపడుతున్నదన్నది నిజమే. 2021లో 1404 మంది రోగుల వివరాలతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 15 శాతం మందికి ముఖం మీద, ఒంటి మీద అవాంఛిత రోమాలు పెరిగాయి. తల తిరగడం 1.7 శాతం మందికి, ఒంట్లో నీరు చేరడం 1.3 శాతం మందికి, గుండె దడ 0.9 శాతం మందికి కలిగాయి. దుష్ఫలితాల వల్ల మందు మానుకున్నవారు కొద్దిమందే. కాని మాత్ర పూతమందు కన్నా గొప్పదా అంటే అలా తేలలేదు. బ్రెజిల్ వైద్యులు 90 మంది పురుషుల మీద చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో రోజుకు 5 మి.గ్రా. మాత్ర, రోజుకు రెండుసార్లు పూసే మందు 24 వారాల తరువాత దాదాపు సమానంగానే నిలిచాయి. మాత్ర వేసుకున్నవారిలో దాదాపు సగం మందికి ఒంటి మీద రోమాలు పెరిగాయి. పురుషునికి అది పెద్ద బాధ కాకపోవచ్చు. పెళ్ళికి ఎదిగిన ఆడపిల్లకు తల మీద కొంత జుట్టు వచ్చి, గడ్డం మీదా వచ్చిందంటే ఆ తల్లి పడే వేదన వేరు. మందు మానితే ఆ రోమాలు కొన్ని నెలల్లో పోతాయి, కాని తల మీదివీ పోతాయి.

గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నవారు దీనిని సొంతంగా ముట్టుకోరాదు. గర్భవతులు, పాలిచ్చే తల్లులకు ఇది తగదు. ఎక్కువ మోతాదులో గుండె చుట్టూ నీరు చేరవచ్చునని మందు పత్రంలో అన్నింటికన్నా పైన హెచ్చరిక ఉన్నది. 2.5, 5, 10 మి.గ్రా. అంకెలు చూడకుండా కొనడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహించవచ్చు. మొదటి కొన్ని వారాలలో ఉన్న జుట్టు ఇంకొంచెం రాలుతుంది. పాత వెంట్రుకలు రాలి కొత్తవాటికి చోటివ్వడమది. అది చూసి బెదిరి మోతాదు రెట్టింపు చేసుకున్నవారి గురించి విన్నాము. రమదాన్‌లో ఉపవాసమున్నవారికి పగలు నీరు తగ్గి తల తిరిగే అవకాశం ఎక్కువ. అన్ని రోజులు మాత్రను ఏ వేళకు మార్చుకోవాలో, అసలు కొనసాగించాలో లేదో వైద్యునితో ముందే మాట్లాడుకోవాలి. 2019లో స్పెయిన్‌లో పదిహేను మందికి పైగా పసిపిల్లలకు నిలువెల్లా రోమాలు మొలిచాయి. కడుపు మంటకు ఇచ్చిన మందులో పొరపాటున మినాక్సిడిల్ కలిసిపోయిందని తరువాత తేలింది. ఇంట్లో పసిపిల్లలున్నచోట ఈ డబ్బా ఎక్కడ ఉండాలో వేరే చెప్పాలా?

జుట్టు విటమిన్లంటూ అమ్మే బయోటిన్ గురించి ఒక్క మాట. శరీరంలో అది లోపించినవారు అరుదు. లోపించనివారికి అది జుట్టు పెంచుతుందనడానికి తగిన రుజువు లేదు. పైగా ఎక్కువ మోతాదులో అది థైరాయిడ్ పరీక్షను, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుందని అమెరికా సంస్థ 2017లోనే హెచ్చరించింది. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్ళినవారు జుట్టు మాత్ర మాట ఎందుకు చెప్తారు?

పైన చెప్పిన ఫినాస్టరైడ్, మినాక్సిడిల్ మాత్రలు వైద్యుని చీటీ మీద మాత్రమే అమ్మవలసినవి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి ఆదేశమున్నది. గదిలోని స్నేహితుడు, మంగలి కుర్చీ పక్కన కూర్చున్నవాడు, చీటీ అడగని దుకాణదారు, అందరూ ఈ బాధ్యతలో భాగస్తులే. దిండి నుంచి అయితే రాజోలు, పాలకొల్లు, అమలాపురం దగ్గర. ఖర్చు భరించలేనివారు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా మింగిన మాత్రల అట్టలు వెంట తీసుకువెళ్ళాలి. ఇంతకు ముందు ఎప్పుడైనా మనోవ్యాకులత ఉండినా, ఇంట్లో ఎవరైనా గర్భవతి ఉన్నా, త్వరలో సంతానం కోరుకుంటున్నా అడగకుండానే చెప్పాలి.

పెళ్ళిచూపుల విషయంలో మా అభిప్రాయం అడిగితే, జుట్టు పలచబడిందన్న సంగతి టోపీ తీస్తే కనబడేదే. దానిని ఎవరూ దాచలేరు. మాత్ర సంగతి మాత్రం కనబడదు. నికాహ్‌కు ముందే చెప్పడం మేలు. వినగానే వెనక్కి తగ్గే సంబంధం తగ్గనివ్వండి. అమ్మాయి వైపువారికి కూడా ఒక మనవి. గోదావరి ఒడ్డున రిసార్టులలో పెళ్ళి ఫోటోలు తీయించుకోవడం మొదలైన దగ్గరనుంచి అబ్బాయి నుదురు ఎంత వెడల్పో కొలిచేవారు ఎక్కువయ్యారు. నమాజు, సంపాదన, నడత అడగవలసినచోట “జుట్టు కొంచెం తక్కువ కదా” అన్న ఒక ఖాలాజాన్ మాటకు ఆ పిల్లవాడు చీకట్లో బ్లేడు పట్టుకొని కూర్చుంటున్నాడు. బట్టతల జబ్బు కాదు. చికిత్స వద్దనుకొని జుట్టు కురచగా కత్తిరించుకోవడం కూడా ఒక నిర్ణయమే, దానికి ఖర్చు లేదు.

వైద్యుడు మాత్ర వ్రాసి, మింగడానికే నిశ్చయించుకున్నవారు మొదలుపెట్టే రోజున ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో, తల పొడిగా ఉన్నప్పుడు ముందు నుంచి, పైనుంచి రెండు ఫోటోలు తీసి ఉంచుకోవాలి. ఆరు నెలలకు, పన్నెండు నెలలకు అదే చోట మళ్ళీ తీయాలి. అద్దంలో రోజూ చూసుకుంటే తేడా తెలియదు. ఏడాది తరువాత కూడా ఫోటోలలో మార్పు లేకపోతే, అవి తీసుకొని వైద్యుని వద్దకు వెళ్ళి మందు ఆపే మాట అడగాలి. అంతదాకా డబ్బా పిల్లలకు అందని ఎత్తులో, మూత బిగించి, వంటింట్లో కాకుండా వేరే గదిలో ఉండాలి; లోపలి మాత్ర ఏమిటో, ఎవరిదో పైన తెలుగులో వ్రాసి అంటించాలి.